స్టాక్ ఓవర్‌ఫ్లోలో స్కోరు లేకపోతే ఉద్యోగం రాదా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో నా రెప్యుటేషన్ (ఇతరుల ఓట్లతో వచ్చే స్కోరు) 34 దగ్గరే ఆగిపోయింది. ఈమధ్య అక్కడ అడిగిన ప్రశ్నకు మూడు డౌన్‌ఓట్లు (బాగాలేదని వేసే ఓట్లు) పడ్డాయి. ఒకరికొకరం అప్‌ఓట్లు (బాగుందని వేసే ఓట్లు) వేసుకుందామని హాస్టల్ స్నేహితులు అంటున్నారు. ప్లేస్‌మెంట్స్ గురించి టెన్షన్‌గా ఉంది సార్. ఏం చేయాలి?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: స్నేహితుల సలహా అస్సలు వినకండి. ఒకే వ్యక్తికి వరసపెట్టి పడే ఓట్లను ఆ సైటు పసిగట్టి రద్దు చేస్తుంది. వచ్చిన పాయింట్లు పోతాయి, అకౌంట్ సస్పెండ్ కూడా కావచ్చు.

ఇక డౌన్‌ఓట్ల సంగతి. ఒక్కోదానికి పోయేది 2 పాయింట్లే. ఒక అప్‌ఓట్ పడితే 10 వస్తాయి, అడిగినవారు మీ జవాబును ఆమోదిస్తే 15. కాబట్టి మీకు పోయింది ఆరే. స్కోరు 50కి చేరితే ఎవరి పోస్టు కిందైనా కామెంట్ రాయొచ్చు, 2,000కి చేరితే ఇతరుల పోస్టులను నేరుగా సరిదిద్దొచ్చు. సైటు మిమ్మల్ని ఎంతవరకు నమ్ముతుందో చెప్పే లెక్క ఇది, ప్రతిభకు ర్యాంకు కాదు. గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం) ఒక చిన్న కమాండ్ గురించి ఎప్పుడో రెండు ముక్కలు రాసినవారికి ఇప్పటికీ ఓట్లు పడుతుంటాయి, ఆ సందేహం అందరికీ వస్తుంది కనుక. కష్టమైన చిక్కు విప్పినవారికి రెండు ఓట్లు కూడా రాకపోవచ్చు, దాన్ని వెతుక్కుంటూ వచ్చేవారే తక్కువ.

డౌన్‌ఓట్లు పడ్డ మీ ప్రశ్న చూశాను. శీర్షిక 'పైథాన్ ప్రోగ్రామ్ రావట్లేదు, అర్జెంట్'. కింద ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో. ఫొటోలోని కోడ్‌ను ఎవరూ కాపీ చేసి నడిపి చూడలేరు, డౌన్‌ఓట్లు పడింది అందుకే. దాన్ని వదిలేయకుండా ఎడిట్ చేయండి. తప్పు వస్తున్న పది పన్నెండు లైన్లు మాత్రం టెక్స్ట్‌గా పెట్టండి. ఎర్రర్ మెసేజ్ పూర్తిగా ఇవ్వండి. మీరు ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు, అవీ రాయండి. ఎడిట్ చేశాక, డౌన్‌ఓట్ వేసినవారు దాన్ని వెనక్కి తీసుకునే వీలుంది.

రెజ్యూమెలో స్కోరు అంకె రాయక్కర్లేదు. ఎందుకలా చేయాలో కూడా వివరిస్తూ మీరు రాసిన జవాబులు రెండున్నా వాటి లింకులు ఇవ్వండి. ఇంటర్వ్యూలో వాటి మీద ఎంత లోతుగా అడిగినా చెప్పగలగాలి. ఏఐతో రాయించి మాత్రం పెట్టకండి, 2022 డిసెంబరు నుంచి అక్కడ అది నిషేధం.

అక్కడ ప్రశ్నలకు అంశాన్ని బట్టి ట్యాగ్‌లు ఉంటాయి. పైథాన్ ట్యాగ్‌లో మీకంటే ముందే పదిమంది జవాబిచ్చేస్తారు. మీ ప్రాజెక్టులో వాడిన లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ట్యాగ్ తెరిచి, ఎవరూ జవాబివ్వని ప్రశ్నలు చూడండి. మీరు తంటాలుపడి బయటపడ్డ సమస్య అక్కడ కనిపిస్తే, దానితో మొదలుపెట్టండి.