టెక్ సందేహాలు: జాకీ మీద కారు, కారు కింద మనిషి

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోను వేడెక్కుతోందనో, కంప్యూటర్ నత్తనడక నడుస్తోందనో ఉంటాయి. ఈ వారం మాత్రం మూడు ఉత్తరాలు నన్ను నేరుగా కారు కిందికి లాక్కెళ్లాయి. మోటారు ఉన్న జాకీ కూడా గ్యాడ్జెట్టే కదా అని సర్దిచెప్పుకుని జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 12 వోల్టుల ఎలక్ట్రిక్ జాకీ కొన్నాను. పెట్టె మీద 5 టన్నులు అని ఉంది. మా స్విఫ్ట్ బరువు టన్ను కూడా ఉండదు. దీంతో కారు లేపి, కిందికి దూరి ఇంజను ఆయిల్ నేనే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: లేపండి. దూరకండి.

మీ లెక్కలో తప్పు లేదు. స్విఫ్ట్ సుమారు 900 కిలోలు, ఒక మూల లేపితే జాకీ మీద పడేది అందులో కొంత భాగమే. భయమల్లా ఆ బరువు పక్కకు ఒరగడంతోనే. జాకీ పాదం అరచేయికి కాస్త పెద్దది, అంతే. పైన కారు నాలుగు వేళ్ల మేర ముందుకో వెనక్కో జరిగితే కింద జాకీ వాలిపోతుంది. 5 టన్నులనేది నిలువుగా మోసే బరువు. పక్కనుంచి తోపు వస్తే ఏమవుతుందో ఆ పెట్టె మీద రాసి ఉండదు. మరి కారు కింద మీరు చేయబోయేది ఏమిటి? పాత ఆయిల్ వదలడానికి విప్పే, బిగుసుకుపోయిన డ్రెయిన్ బోల్టుకు స్పానర్ తగిలించి, పళ్లు బిగించి గుంజడం. ఆ గుంజుడంతా కారుకే తగులుతుంది. పైగా మీ జాకీ నూనె ఒత్తిడితో పనిచేసే రకమైతే, లోపలి రబ్బరు సీలు కారడం మొదలైతే మోటారు ఆపేసినా కారు మెల్లగా దిగుతూనే ఉంటుంది. కింద ఉన్నవారికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

కారును పట్టుకుని ఉండాల్సినవి జాక్ స్టాండ్లు. మోటారు, నూనె ఏవీ లేని నాలుగు కాళ్ల ఇనుప పీటలు. కొనేటప్పుడు రాసిన టన్నులు ఒక్కోదానికా, జతకా అని చూడండి. చాలా కంపెనీలు జతకే రాస్తాయి.

ఇక్కడ చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. తలుపుల కింద రెండు రేకులు కలిపి అతికిన అంచు ఒకటి ఉంటుంది. ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు ఆ అంచు మీద చిన్న గాట్లు కనిపిస్తాయి. జాకీ ఆనాల్సింది ఆ గాట్ల మధ్యే. (నేనొకసారి చీకట్లో జానెడు పక్కకు పెట్టి, రేకును అప్పడంలా నలిపాను.) స్టాండు ఆనాల్సింది కూడా అక్కడే! జాకీ కూర్చున్న చోట స్టాండు ఎలా పెడతారు? అందుకే మెకానిక్ షెడ్డులో చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీని బంపరు కిందినుంచి లోపలికి తోసి, అడ్డంగా ఉండే బలమైన ఇనుప దూలాన్ని ఎత్తి, రెండు పక్కలా స్టాండ్లు పెడతారు. ఆ దూలం మీద జాకీ వేయవచ్చో లేదో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడాలి. ట్రాలీ జాకీ చేయి పైకి లేచేటప్పుడు వంపు తిరుగుతుంది కనుక, దాని చక్రాలు నేల మీద స్వేచ్ఛగా దొర్లాలి. టైల్స్ సందులోనో, ఇసుకలోనో చక్రం ఇరుక్కుంటే జాకీ కదలదు, దాని తల కారు కిందినుంచి జారుతుంది.

స్టాండ్ల మీద దించాక, ఇంకా కిందికి వెళ్లకముందే, పక్కన నిలబడి కారును గట్టిగా ఊపండి. టక్కుమని శబ్దం వచ్చినా, కదిలినా మళ్లీ మొదటినుంచి. స్టెప్నీని తీసి అంచు కింద పడుకోబెట్టండి, స్టాండు తప్పినా మీకు కాస్త జాగా మిగులుతుంది. స్టాండ్లు లేవని సిమెంటు ఇటుకలు పేర్చే ఆలోచన మాత్రం వద్దు. అవి పగిలే ముందు చెప్పి పగలవు.

నన్నడిగితే, ఆయిల్ కోసమే అయితే ముందు చక్రాలు ఎక్కించే ఒక జత ర్యాంపులు కొనుక్కోండి. ఎలక్ట్రిక్ జాకీని పంక్చరైన రోజు కోసం డిక్కీలో ఉంచండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ముందు చక్రం మార్చడానికి జాకీ వేశాను. గేరులో ఉంది కదా అని హ్యాండ్‌బ్రేక్ వేయలేదు. చక్రం నేల వదలగానే కారు రెండంగుళాలు జారింది. గేరులో ఉన్న కారు ఎలా కదిలింది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండంగుళాలతో ఆగింది, సంతోషం. మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజను పట్టు ముందు చక్రాల మీదే. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలిదానికంటే ఎక్కువ దూరం దొర్లాలి కనుక, రెండింటి మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల అమరిక ఉంటుంది. ఒక చక్రం గాలిలో ఉంటే, నేల మీది చక్రం దొర్లినప్పుడు గాలిలోది ఎదురు దిశలో తిరుగుతుంది. ఇంజను మాత్రం కదలదు. అంటే గేరు ఇంకా పడే ఉంది, కానీ పట్టుకునేది ఏమీ లేదు. ఆటోమేటిక్ కారును పార్క్‌లో పెట్టినా ఇదే కథ. మీ కారును ఆపగలిగింది వెనక చక్రాలను పట్టే హ్యాండ్‌బ్రేకే, అది మీరు వేయలేదు.

ఇకపై హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. నట్లు చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయండి. సెల్లార్లు నీళ్లు పోవడానికి వాలుగా కడతారు, కంటికి తెలియదు. ఐఫోనైతే మెజర్ యాప్‌లో లెవెల్ ఉంది, ఫోనును నేల మీద పెట్టి చూడండి. ఒక డిగ్రీ అంటే మీటరుకు 1.7 సెంటీమీటర్ల వాలు. రెండు మూడు డిగ్రీలు చూపిస్తే కారును వేరే చోటికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మాది ఎయిర్ సస్పెన్షన్ ఉన్న టెస్లా మోడల్ ఎస్. తెర మీద జాక్ మోడ్ అని ఉంది, అది తప్పనిసరా? అన్నయ్య తన పాత జాక్ స్టాండ్లు ఇచ్చాడు, వాడవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తప్పనిసరి. ఎయిర్ సస్పెన్షన్ అంటే గాలి ఒత్తిడితో కారును మోసే అమరిక, దాంతో ఆ కారు తన ఎత్తును తానే సరిచేసుకుంటుంది. మీరు ఒక మూల లేపితే ఏదో తేడా వచ్చిందనుకుని మిగతా మూలలను కదిలించబోతుంది. జాక్ మోడ్ ఆ సర్దుబాటును ఆపుతుంది. కారు అడుగు అంతా బ్యాటరీయే కనుక కారు పుస్తకంలో చూపిన నాలుగు చోట్ల తప్ప ఇంకెక్కడా జాకీ తగలనివ్వకండి, మధ్యలో రబ్బరు బిళ్ల పెట్టండి.

స్టాండ్ల సంగతి. 2020లో హార్బర్ ఫ్రైట్ అనే అమెరికా పనిముట్ల దుకాణాల సంస్థ తన పిట్స్‌బర్గ్ బ్రాండు స్టాండ్లను వెనక్కి పిలిచింది, ఎత్తును నిలిపి ఉంచే పళ్ల పట్టు జారి స్టాండు కిందికి దిగిపోయే ప్రమాదం ఉందని. బదులుగా ఇచ్చిన వాటిలోనూ కొన్నింటికి వెల్డింగ్ లోపం బయటపడింది. అన్నయ్య ఇచ్చినవి ఏ బ్రాండో చూసి, మోడల్ నంబరును అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో వెతకండి. చీటీ చిరిగిపోయి నంబరు కనిపించకపోతే, కొత్తవి కొనండి.