అత్తగారి ఊరి పేరు

అమ్మాయీ,

కాలం చేసిన మీ అత్తగారి జీవితకథగా నువ్వు రాసి పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. ఆమె మీద నీకున్న ప్రేమ ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. తెలియనిది ఆమే. ‘త్యాగమూర్తి’, ‘మమతల కోవెల’, ‘చెరగని చిరునవ్వు’ అన్న మాటలు ఏ ఇంటి అమ్మకు పెట్టినా సరిపోతాయి. 1956లో, 21 ఏళ్ళ వయసులో, ఐర్లండ్‌లోని మేయో కౌంటీ నుంచి బోస్టన్ వచ్చిన ఆ ఒక్క మనిషికే సరిపోయే మాటలు కావాలి మనకు.

ముందు ఊరు తేల్చు. ‘ఐర్లండ్‌లో ఒక మారుమూల పల్లె’ అని సరిపెట్టావు. అక్కడ ఊరికన్నా చిన్న లెక్క ఒకటుంది, టౌన్‌ల్యాండ్ అంటారు. మన శివారు గ్రామం లాంటిదనుకో. ఐర్లండ్ ద్వీపం మొత్తంలో 60 వేలకు పైగా ఉన్నాయి. ఒకే పేరు చాలా కౌంటీల్లో ఉంటుంది కాబట్టి కౌంటీ, పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం), టౌన్‌ల్యాండ్ మూడూ కలిపి రాసుకోవాలి. ఆ పేరు ఆమె సొరుగులోనే దొరుకుతుంది: పుట్టింటి నుంచి వచ్చిన పాత ఉత్తరాల కవర్ల మీద, బాప్తిస్మం పత్రంలో, వాళ్ళ అమ్మానాన్నలు పోయినప్పుడు అచ్చువేయించిన జ్ఞాపకార్థ కార్డుల మీద. కవర్లు చించి పారేసి లోపలి ఉత్తరాలే దాచేవాళ్ళున్నారు. మీ ఇంట్లో అలా జరగనివ్వకు.

మనిషిని తేల్చుకోకుండా పేరు పట్టుకుని పరిగెడితే ఏమవుతుందో ఆనీ మూర్ కథ చెబుతుంది. 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో వలసదారుల్ని తనిఖీ చేసే కేంద్రం ఎల్లిస్ ఐలండ్ తెరిచిన రోజున అందరికన్నా ముందు లోపలికి వెళ్ళిన పిల్ల ఆమె, ఐర్లండ్‌లోని కార్క్ నుంచి వచ్చింది. టెక్సస్‌లో స్థిరపడ్డ మరో ఆనీ మూర్‌నే ఆమె అనుకుని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. అసలు మనిషి న్యూయార్క్ విడిచి వెళ్ళలేదనీ, అక్కడి పేదల పేటలోనే పిల్లల్ని కని బతికిందనీ 2006లో తేలింది. మేయోలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న అమ్మాయిలు పక్కపక్క ఇళ్ళలోనే ఉంటారు. తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు రెండూ కలిసేదాకా ఏ కాగితాన్నీ ఆమెదని నమ్మకు.

ఎల్లిస్ ఐలండ్ పేరెత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆమె అక్కడ దిగినట్టు రాశావు. ఆ కేంద్రం 1954 నవంబరులోనే మూతపడింది. కోవ్ రేవులో ఓడ ఎక్కిందో, షానన్‌లో విమానం ఎక్కిందో కనుక్కో. 1944 ఏప్రిల్ తర్వాత వచ్చిన వలసదారులకు అమెరికా ప్రభుత్వం ‘ఎ-ఫైల్’ తెరిచేది, ఆ మనిషి వలస కాగితాలన్నీ అందులో ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే వలస శాఖ నకలు ఇస్తుంది. ఆమె పుట్టి నూరేళ్ళు కాలేదు గనక మరణ ధ్రువపత్రం జతచెయ్యాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తు నకలు కూడా తెప్పించు. అయితే అందులో తల్లిదండ్రుల పేర్లు చెరిపేసి పంపవచ్చు. వాళ్ళు పోయినట్టు ఆధారం జోడిస్తే ఆ చిక్కు తప్పుతుంది. ఎ-ఫైల్‌లో ముఖ్యంగా చూడాల్సింది ఆమెకు ఎవరు పూచీ పడ్డారన్నది. చాలాసార్లు ఒక పిన్నో మేనత్తో ఉంటుంది. తర్వాత ఈమె ఎవరికి పూచీ పడిందో కూడా వెతికితే, ఒక్క మనిషి వెనక కుటుంబమంతా ఎలా కదిలిందో కనబడుతుంది.

వీసా కోసం ఆమె ‘ఏళ్ళ తరబడి పడిగాపులు కాసింది’ అన్న వాక్యం మనవాళ్ళ గ్రీన్‌కార్డు కష్టాల్లోంచి వచ్చింది. 1952 చట్టం కింద ఐర్లండ్ కోటా ఏడాదికి 17,756 మంది. ఆ రోజుల్లో అది నిండేది కాదు. ఆమె కష్టం వేరేచోట ఉంది. అక్కడికి నువ్వింకా వెళ్ళలేదు.

మొదటి అధ్యాయంలో బంగాళాదుంప కరువు గురించి రెండు పేజీలు పెట్టావు. ఆ కరువు 1845లో మొదలైంది. ఈమె పుట్టింది 1935లో. నడుమ తొంభై ఏళ్ళున్నాయి, ఆ పేజీలు తీసెయ్యి. 1950ల్లో ఆ దేశం నుంచి దాదాపు 4 లక్షల మంది వెళ్ళిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లండ్‌కే. చిన్న కమతం ఒక కొడుక్కి దక్కేది, మిగతా పిల్లలు దారి చూసుకోవాలి. ‘చదువు మీద ఆసక్తి లేక పద్నాలుగేళ్ళకే బడి మానేసింది’ అన్నావు. అది ఆమెకు అన్యాయం. అప్పట్లో నిర్బంధ విద్య 14 ఏళ్ళ దాకానే. ఆపైన హైస్కూలుకు ఫీజు కట్టాలి. ఉచిత హైస్కూలు చదువు వచ్చింది 1967లో, ఆమె వచ్చేసిన 11 ఏళ్ళకు. ఆసక్తి సంగతి ఆమె చదివిన పుస్తకాలు, దాచుకున్న పత్రికలు చెప్పాలి.

కాగితాల్లో ఐర్లండ్ వైపువి కొన్ని సులువు, కొన్ని కావు. పుట్టుకల రికార్డులు నూరేళ్ళు దాటితేనే ఆన్‌లైన్లో పెడతారు, పెళ్ళిళ్ళవి 75 ఏళ్ళు దాటితే చాలు. అందుకని ఆమె జనన పత్రం డబ్బు కట్టి తెప్పించుకోవాలి, ఆమె అమ్మానాన్నల పెళ్ళి రికార్డు మాత్రం ఉచితంగా దొరకవచ్చు. తాతల ఇంటికి 1911 జనాభా లెక్కలున్నాయి. ఎంత మంచి కాగితమో! గోడలు దేనివి, కప్పు గడ్డిదా, ముందు వైపు కిటికీలెన్ని, ఇంట్లో ఐరిష్ భాష వచ్చా, ఆ తల్లి ఎంతమందిని కన్నది, ఎంతమంది మిగిలారు, అన్నీ ఉంటాయి. వయసులు మాత్రం నమ్మకు. 1909లో 70 ఏళ్ళు దాటినవాళ్ళకు పింఛను మొదలైంది, ఆ తర్వాత లెక్కల్లో చాలామంది పదేళ్ళలో పదిహేనేళ్ళు పెరిగారు. పుట్టినరోజులదీ అదే తీరు. ఆలస్యంగా నమోదు చేయిస్తే జరిమానా కాబట్టి అసలు రోజుకన్నా తర్వాతి తేదీ చెప్పేవాళ్ళు. బాప్తిస్మం తేదీ పుట్టినరోజుకన్నా ముందుంటే కంగారుపడకు. రెండూ రాసి, ఇంట్లో ఏ రోజున కేకు కోసేవారో అదీ రాయి.

నీ రాతలో ఆమె అమెరికాలో దిగిన వెంటనే తల్లి అయిపోయింది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు నువ్వే లెక్క చెప్పావు, కథలో ఒక్క పేరా లేదు. వంటపనికి ఉన్న ఆ ఇంట్లో ఆమెకు సెలవు ఏ రోజు? బోస్టన్‌లో ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిలకు గురువారం సాయంత్రం ఖాళీ. అందుకే బోస్టన్‌లోని రాక్స్‌బరీ పేటలో డడ్లీ స్ట్రీట్ డాన్సు హాళ్ళు గురువారం రాత్రి కిటకిటలాడేవి. వాటిలో హైబర్నియన్ హాల్ భవనం ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడు. ఆ గురువారాలు ఎవరితో గడిపిందో చెప్పగల స్నేహితురాలు ఒక్కరైనా బతికి ఉంటే ఈ నెలలోనే కలువు. ‘మా అత్తగారు మంచివారా’ అని అడగకు, మంచివారనే అంటారు. జీతం రోజున ముందు ఏం కొనేది, ఇంటికి ఎంత పంపేది, బూట్లు ఎక్కడ కొనుక్కుంది అని అడుగు.

మాటల దగ్గర నువ్వు చేసిన తప్పు పెద్దది. ఆమెది పల్లె ఇంగ్లీషు కదా అని తెలంగాణ యాస పెట్టావు. చదివేవాడికి మేయో పోయి మెదక్ వస్తుంది. మామూలు తెలుగే రాయి, వాక్యం నడకలో ఆమెను పట్టుకో. అందుకు మన భాష బాగా ఒదుగుతుంది. ఐరిష్‌లో ‘అవును’, ‘కాదు’ అనడానికి విడిగా మాటల్లేవు, క్రియనే తిరిగి అంటారు. అక్కడివాళ్ళ ఇంగ్లీషులోనూ అదే అలవాటు. ‘తిన్నావా?’ అంటే ‘తిన్నాను.’ అంతే. ఆమె నోట నువ్వు పెట్టిన ‘అవును’లన్నీ తీసెయ్యి. ‘ఐయామ్ ఆఫ్టర్ పుటింగ్ ద కెటిల్ ఆన్’ అన్నదాన్ని ‘కెటిల్ పెట్టిన తర్వాత’ అని తిప్పావు. ‘ఇప్పుడే పెట్టాను’ అని దానర్థం. పేర్లు కూడా స్పెల్లింగు చూసి రాయకు: కోబ్ కాదు కోవ్, నియామ్ కాదు నీవ్, సియోభాన్ కాదు షివాన్. మేయోలో ఉన్న ఆమె చెల్లెలికి ఫోన్ చేసి అన్ని పేర్లూ పలికించి రికార్డు చేసుకో.

‘ఆమె చేతి రొట్టె అమృతం’ అన్నావు. రొట్టె చేసి చూడు, రాయడానికి అదే దారి. 450 గ్రాముల మైదా, ఒక చెంచా తలకొట్టు వంటసోడా, ఒక చెంచా ఉప్పు, 350 నుంచి 400 మిల్లీలీటర్ల మజ్జిగ. రొట్టెల పిండి వద్దు, ఐర్లండ్ గోధుమ మెత్తన, మామూలు మైదాయే దానికి దగ్గర. మన ఇంటి మజ్జిగ పలచన, దుకాణంలో అమ్మే చిక్కటిది వాడు. కలిపిన వెంటనే సోడా పొంగడం మొదలుపెడుతుంది కాబట్టి ఆలస్యమైతే రొట్టె గట్టిపడుతుంది. చపాతీ పిండిలా పిసికినా అంతే. సోడా ఎక్కువైతే సబ్బు రుచి. పైన శిలువలా లోతుగా గీసి, 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పావుగంట, 400లో మరో అరగంట ఉంచు. అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. మేయోలో రోజువారీ రొట్టె ఇంతే. ఎండుద్రాక్ష, సోపులాంటి క్యారవే గింజలు వేసేది అమెరికాలో బాగా అలవాటైన పద్ధతి. మీ అత్తగారు ద్రాక్ష వేసేదా, వేస్తే ఏ ఏడు నుంచి, ఎవరి కోసం? మీవారినీ, ఆయన అక్కనూ విడివిడిగా అడుగు. ఇద్దరూ ఒకటే చెప్పకపోతే రెండూ రాయి.

వచ్చే ప్రతిలో మొదటి వాక్యంలో ఆ టౌన్‌ల్యాండ్ పేరు చూడాలని ఉంది. దాని పక్కనే ఆమె పెళ్ళికి ముందు పేరు కూడా.

ఆశీస్సులతో.