పెనుకొండ కోట జెండా ఫొటో గురించి

అన్నా, పాప స్కూల్ ఎగ్జిబిషన్‌కి "1565లో పెనుకొండ కోట మీద ఎగిరిన అసలు జెండా" అని ఫ్లెక్సీ కొట్టించాలా అని అడిగావు కదా, ఆ మాట మాత్రం వద్దు. నువ్వు పెట్టిన ఫొటోను పెద్దది చేసి చూడు, పసుపు రంగు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్కటే, పోగు కనబడదు, కుట్టు లేదు, మరక లేదు, నాలుగున్నర వందల ఏళ్ల నాటి గుడ్డ అట్లా ఉంటుందా? కంప్యూటర్లో గీసిన బొమ్మ అది.

అలాగని అంతా కట్టుకథ కాదు. జెండా బొమ్మలో ఉన్న వరాహం, పైన సూర్యచంద్రులు విజయనగర రాజుల ముద్రే, వాళ్ల రాగి శాసనాల మీద ఉంటుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత వాళ్ల రాజధాని పెనుకొండకు మారిందీ నిజమే. కానీ ముద్ర అసలుదైనంత మాత్రాన జెండా అసలుదైపోదు. మా వీధి వాట్సాప్ గ్రూపులో గండికోట జెండా అని ఒకటి తిరిగింది, దాని మూలన ఫొటోలు అమ్మే సైటు వాటర్‌మార్క్ కూడా తీయలేదు మహానుభావులు!

ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లో (ఫొటో ఇస్తే అది నెట్‌లో ఎక్కడుందో వెతికేది) పెట్టి వెతుకు. ఎవరైనా బొమ్మలు పెట్టగలిగే వికీమీడియా కామన్స్ సైటులో దాని పేజీ దొరికితే కింద ఎవరు, ఎప్పుడు పెట్టారో ఉంటుంది, మూలం దగ్గర "స్వంత కృతి" అని ఉంటే ఎవరో గీసి పెట్టినట్టే.

బొమ్మ వాడుకో, కింద "విజయనగర రాజముద్ర ఆధారంగా ఇప్పటివాళ్లు గీసిన ఊహాచిత్రం" అని వేయించు. ఆర్డర్ ఇచ్చేసి ఉంటే షాపుకు ఇప్పుడే ఫోన్ కొట్టు, ప్రింటింగ్‌కి పోయిందంటే డబ్బులు దండగ.