చెవి కంటే ముందు రక్తం సంగతి చూడండి

మీ నాన్నగారికి ఉన్నట్టుండి ఎడమ చెవి వినపడటం మానేసిందనీ, రక్తపరీక్షలో తెల్లకణాలు 1,80,000 వచ్చినా, ముందు చెవికి వైద్యం చేయిద్దామని ఇంట్లోవాళ్లు అంటున్నారనీ రాశారు. దయచేసి ఆ వరుసను మార్చండి. మామూలుగా 4,000 నుంచి 11,000 దాకా ఉండవలసిన తెల్లకణాలు లక్ష దాటితే రక్తం చిక్కబడి, లోపలి చెవికి వెళ్లే సన్నని నాళంలో ప్రవాహం మందగించడం వల్లనో, అక్కడే రక్తస్రావం కావడం వల్లనో వినికిడి దెబ్బతినవచ్చు; దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే ఒక రకం రక్తక్యాన్సర్‌లో అరుదుగా ఇదే తొలి లక్షణమవుతుంది. ఆ రిపోర్టుతో ఈరోజే హైదరాబాద్ పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో గానీ, రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ చూపించండి. చెవి డాక్టరు స్టెరాయిడ్ రాసి ఉంటే ఆ చీటీ తప్పక చూపండి, ఎందుకంటే కొన్ని రకాల లుకేమియాలో అది రోగనిర్ధారణను తికమక పెడుతుంది. తలనొప్పి, మసక చూపు, ఆయాసం ఏ ఒక్కటి ఉన్నా ఓపీ వరుసలో నిలబడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి.