అమెరికా బెయిల్ బాండ్ మీద మా అమ్మాయి సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. రూములో గొడవ జరిగి పోలీసు కేసయింది. బెయిల్ 15,000 డాలర్లు అన్నారట. బాండ్ కంపెనీకి 1,500 కడితే విడిపిస్తారట. ఆ డబ్బు నేను సర్దుతున్నాను. న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయిని కాగితాల మీద సంతకం పెట్టమంటున్నారు. కట్టిన డబ్బు తిరిగొస్తుందా? సంతకం వల్ల అమ్మాయికి ఇబ్బందేమైనా ఉంటుందా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, ఆ 1,500 డాలర్లు తిరిగి రావు. అబ్బాయి ప్రతి వాయిదాకీ వెళ్లినా రావు, రేపు కేసు కొట్టేసినా రావు. అది డిపాజిట్ కాదు, ఫీజు. అక్కడ దాన్ని ప్రీమియం అంటారు. చాలా రాష్ట్రాల్లో బెయిల్ మొత్తంలో 10 శాతం దాకా తీసుకుంటారు. మీ అన్నయ్యకు అప్పుగా ఇస్తున్నారా, ఊరికే ఇస్తున్నారా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. ఏడాది తర్వాత కోర్టు నుంచి వస్తుందిలే అని ఎవరూ ఎదురుచూడకూడదు.

మన దగ్గర జామీను అంటే తెలిసినవాళ్లు ఇద్దరు కోర్టుకు వచ్చి, ఇంటి కాగితాలో జీతం సర్టిఫికెట్టో చూపించి పూచీ పడతారు. అమెరికాలో ఆ పూచీని వ్యాపారంగా చేసే కంపెనీలున్నాయి. కంపెనీ కోర్టుకు 15,000కు పూచీ పడుతుంది. ఆ పూచీ తన నెత్తిన పడకుండా మీ కుటుంబంలో ఒకరి చేత సంతకం పెట్టించుకుంటుంది. ఆ మనిషినే కోసైనర్ అంటారు, కాగితాల్లో ఇండెమ్నిటర్ అని కూడా రాస్తారు. అబ్బాయి వాయిదాకు రాకపోతే కోర్టు వారెంటు ఇచ్చి, బాండ్ జప్తు మొదలుపెడుతుంది. కంపెనీ కోర్టుకు కట్టాల్సింది కట్టి, దాన్ని మీ అమ్మాయి దగ్గర వసూలు చేసుకుంటుంది. మీరు సర్దేది సుమారు లక్షా ముప్పై వేలు. అమ్మాయి పూచీ పడేది సుమారు పదమూడు లక్షలకు. పైగా మనిషిని వెతికి పట్టుకున్న ఖర్చులు, లాయరు ఖర్చులు కూడా ఆమె మీదే వేసే షరతులు ఆ కాగితాల్లో ఉంటాయి.

నా దగ్గరికి వచ్చే ఒకాయన కొడుకు అలాగే స్నేహితుడి కోసం సంతకం పెట్టాడు. రాత్రి రెండింటికి, జైలు బయట పార్కింగ్‌లో, ఫోను తెర మీద వేలితో. ఎన్ని పేజీలున్నాయో కూడా చూడలేదు. తర్వాత ఆ స్నేహితుడు ఇల్లు మారాడు, కోర్టు నోటీసు పాత అడ్రసుకు వెళ్లింది, వాయిదా తప్పిపోయింది. వారంలోనే మళ్లీ కోర్టులో హాజరయ్యాడు కాబట్టి సరిపోయింది. అయినా కంపెనీ ఖర్చుల కింద బిల్లు పంపింది. ఆ వారం రోజులు ఇక్కడ ఆ తండ్రి నిద్రపోలేదు.

అన్నింటికన్నా నాకు భయం వేసేది ఇంకొకటి. పిల్లవాడు బయటికి రాగానే మనవాళ్లకు వచ్చే మొదటి ఆలోచన, ‘వాణ్ని ఎలాగోలా ఇంటికి తెచ్చేసుకుందాం’ అని. కన్నవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ కోర్టు అనుమతి లేకుండా అబ్బాయి హైదరాబాద్ విమానం ఎక్కి, వాయిదా తప్పితే బాకీ మీ అమ్మాయి మీద పడుతుంది. టెక్సాస్ చట్టంలో కొంత వెసులుబాటు ఉంది. హాజరు తప్పిన మనిషి మళ్లీ కస్టడీలోకి వస్తే, చిన్న నేరాల్లో 180 రోజుల్లోపు, పెద్ద నేరాల్లో 270 రోజుల్లోపు అయితే, ఖర్చులు మినహా బాండ్ మొత్తం నుంచి కంపెనీకి విముక్తి దొరకొచ్చు. అబ్బాయి కరీంనగర్ వచ్చి కూర్చుంటే ఆ వెసులుబాటు ఏం పనికొస్తుంది? మీ అన్నయ్యతో ఈ మాట ముందే తేల్చుకోండి. ఆయన నోటి వెంట ‘కేసు తేలేదాకా వాడు అక్కడే ఉంటాడు’ అన్న మాట రాకపోతే అమ్మాయి చేత సంతకం పెట్టించకండి.

బాండ్ కంపెనీకి పైసా కట్టే ముందు అక్కడి క్రిమినల్ లాయరుతో మాట్లాడాలి. సొంత పూచీ మీద, అంటే పీఆర్ బాండ్ మీద వదులుతారా? బెయిల్ మొత్తం తగ్గించమని జడ్జిని అడగొచ్చా? రెండూ కుదరకపోతే, నలుగురైదుగురు కలిసి 15,000 మొత్తం క్యాష్ బాండ్‌గా కోర్టుకే కట్టగలరా చూడండి. అబ్బాయి వాయిదాలన్నీ పాటిస్తే కేసు ముగిశాక అది రసీదు ఎవరి పేరున ఉంటే వారికి తిరిగొస్తుంది, కొన్నిచోట్ల చిన్న ఫీజు పట్టుకుంటారు. కుదిరితే నా ఓటు దీనికే. ఇల్లినాయ్, కెంటకీ, ఒరెగాన్, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాల్లో అసలు ఈ బాండ్ కంపెనీల వ్యాపారమే లేదు. టెక్సాస్‌లో ఉంది.

లాయరును తప్పకుండా అడగాల్సింది ఇంకొకటి ఉంది: అబ్బాయి మీద ఇమిగ్రేషన్ హోల్డ్ ఉందా? ఉంటే కౌంటీ జైలు నుంచి విడుదల కాగానే ఇమిగ్రేషన్ వాళ్లు తమ అదుపులోకి తీసుకోవచ్చు. అప్పుడు మీ 1,500 పోయినట్టే, అబ్బాయి మాత్రం ఇంటికి రాడు. ఇమిగ్రేషన్ బాండ్ పూర్తిగా వేరే లెక్క, చట్టం ప్రకారం అది కనీసం 1,500 డాలర్లు ఉంటుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. పూచీ పడటం నేరం కాదు, సంతకం పెట్టినంత మాత్రాన వీసాకు ఏమీ కాదు. కానీ బాకీ పడి కట్టకపోతే అది బాకీలు వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లి క్రెడిట్ స్కోరు పడిపోతుంది. రేపు ఇంటి లోను అడిగినప్పుడు అది ఎదురొస్తుంది. కారో, బ్యాంకు ఖాతానో తాకట్టుగా, అంటే కొల్లేటరల్‌గా రాయించుకుంటున్నారేమో, కేసు ముగిశాక అది ఎన్ని రోజుల్లో విడిపిస్తారో చదవమనండి. 15,000 డాలర్లు పోయినా తట్టుకునేంత పొదుపు ఆమె దగ్గర లేకపోతే కాదని చెప్పమనండి. ఆ మాట చెప్పడానికి ఆమె మొహమాటపడితే మీరే చెప్పండి.

డబ్బు పంపే ముందు అబ్బాయి పేరు డాలస్ కౌంటీ జైలు వెబ్‌సైట్‌లో చూడమనండి, బెయిల్ మొత్తం అక్కడే తెలుస్తుంది. ‘మీ పిల్లాడు అరెస్టయ్యాడు, వెంటనే పంపండి’ అనే దొంగ ఫోన్లు ఎక్కువయ్యాయి. గిఫ్ట్ కార్డులు అడిగితే అది మోసమే. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. ఈ ఆర్థిక సంవత్సరంలో మీరు విదేశాలకు పంపినది మొత్తం 10 లక్షలు దాటకపోతే టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, పడదు.