జాబితా అంతా వచ్చినా ఆరు దగ్గరే ఎందుకు ఆగింది?

ప్రశ్న: మేడమ్, మాది నర్సంపేట దగ్గర పల్లె. బీటెక్ అయిపోయింది. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఐఈఎల్‌టీఎస్‌కు, అంటే విదేశాల్లో చదువుకు అడిగే ఇంగ్లిష్ పరీక్షకు, చదువుతున్నాను. అడ్వాన్స్‌డ్ వొకాబులరీ జాబితా ఒకటి మొత్తం బట్టీ పట్టాను. అయినా రైటింగ్‌లో 6 దాటలేదు, నాకు 7 కావాలి. నాన్న మిర్చి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టాను, చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకా ఎన్ని మాటలు నేర్చుకోవాలి? నేను రాసిన వ్యాసం ఒకటి పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: కొత్త మాటలు నేర్చుకోవడం కొన్నాళ్లు ఆపెయ్యి బిడ్డా. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మాటలకు కొదవ లేదు, అవి కూర్చున్న చోటే సరిగా లేదు.

'గవర్నమెంట్ షుడ్ మిటిగేట్ ది ఫార్మర్స్' అని రాశావు. మిటిగేట్ అంటే తీవ్రత తగ్గించడం. నష్టాన్ని, ముప్పును, ప్రభావాన్ని మిటిగేట్ చేస్తారు, మనుషుల్ని కాదు. 'మిటిగేట్ ది ఎఫెక్ట్స్ ఆఫ్ డ్రాట్' అంటే సరిపోయేది. అది తోచకపోతే 'హెల్ప్ ది ఫార్మర్స్' అని రాసినా నీకు నష్టం లేదు. ఒకే పేజీలో 'ప్లెథొరా' మూడుసార్లు వచ్చింది. రెండిటిని 'మెనీ' చెయ్యి.

మనం ఎండ కాసింది అంటాం, వాన కురిసింది అంటాం. ఎండ కురిసింది అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లిష్‌లోనూ ఏ మాట పక్కన ఏ మాట నప్పుతుందో ఒక అలవాటు ఉంది. దాన్నే కొలొకేషన్ అంటారు. రైటింగ్‌లో 7 బ్యాండ్‌కు ఎగ్జామినర్ చూసేవాటిలో అదొకటి. అరుదైన మాట వాడినా తప్పుగా వాడితే 6 దగ్గరే ఆగిపోతాం. పైగా వొకాబులరీకి ఉన్నది నాలుగో వంతు మార్కులే. ప్రశ్నకు సూటిగా జవాబిచ్చావా, పేరాలు ఒకదానితో ఒకటి కలిశాయా, గ్రామర్ ఎలా ఉంది అన్నవి మిగతా మూడు వంతులు. నీ రెండో పేరా ప్రశ్నను వదిలేసి ఎటో వెళ్లిపోయింది, అది కూడా చూసుకో.

జాబితా లేకుండా చదవలేనంటావా? అయితే 2000లో న్యూజీలాండ్‌కు చెందిన ఎవ్రిల్ కాక్స్‌హెడ్ తయారుచేసిన అకడమిక్ వర్డ్ లిస్ట్ తీసుకో. అందులో 570 పద కుటుంబాలే ఉంటాయి. ఆర్ట్స్, కామర్స్, లా, సైన్స్ అన్నింటి పుస్తకాల్లో తరచూ కనబడేవాటినే ఏరారు. అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్ లాంటివన్నీ ఒక కుటుంబం. నోట్‌బుక్‌లో తెలుగు అర్థం ఒక్కటే రాసి వదిలెయ్యకు. ఆ మాట ముందు ఏమొస్తుంది, వెనక ఏమొస్తుందో చూసి, నీ బతుకులోని వాక్యం ఒకటి రాసుకో.

పై చదువులకు వెళ్లేవాళ్లు రాసే అకడమిక్ ఐఈఎల్‌టీఎస్‌లో, రైటింగ్ మొదటి టాస్క్‌కు గ్రాఫ్‌లు ఎక్కువగా వస్తాయి. దానికి మీ నాన్నే నీకు మంచి గురువు. ఏనుమాముల మార్కెట్‌లో రోజూ జెండా పాట (వేలం ధర) ఎంత పలికిందో ఆయన్ని అడిగి ఒక వారం ధరలు రాసుకో. క్వింటాలు ఇరవై వేల నుంచి పన్నెండు వేలకు పడిపోయిందనుకో, అప్పుడు 'ప్లమెటెడ్' అను. ఐదు వందలు తగ్గితే 'డిప్డ్ స్లైట్లీ' చాలు. ఒక రోజు ఎక్కి ఒక రోజు దిగితే 'ఫ్లక్చుయేటెడ్', ఎక్కి అక్కడే నిలబడితే 'లెవల్డ్ ఆఫ్'. ఆ ధర మీ ఇంటికి ఏం చేసిందో నీకు తెలుసు కాబట్టి ప్లమెట్‌కూ డిప్‌కూ ఉన్న తేడా మళ్లీ మరచిపోవు.

స్పీకింగ్‌లో చూసిన చోటు గురించి చెప్పమంటే తాజ్‌మహల్ ఎందుకు, రామప్ప ఉంది కదా. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 'ఇన్‌ట్రికేట్ కార్వింగ్స్', 'లైట్‌వెయిట్ బ్రిక్స్' లాంటి జంటలు అక్కడ వాటంతటవే నోటికొస్తాయి. ఆలోచించుకోవడానికి ఇచ్చేది ఒక్క నిమిషమే, తెలిసిన చోటైతే ఆ నిమిషం సరిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి విదేశాల్లో పీజీ చదవడానికి జీఆర్‌ఈ రాస్తాడట. వాడికీ ఇదే పద్ధతా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కాదండీ. ఐఈఎల్‌టీఎస్‌ రైటింగ్‌లో మాటను తానే వాడి చూపాలి. జీఆర్‌ఈ వెర్బల్‌లో వాక్యంలోని ఖాళీకి సరిపోయే మాటను గుర్తుపట్టాలి. లకోనిక్, ఈక్వివొకేట్ లాంటి అరుదైన మాటలు అక్కడ నిజంగానే అవసరం, కాబట్టి పెద్ద జాబితా చదవనివ్వండి. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే రకం ప్రశ్నల్లో ఒకే ఖాళీకి ఇచ్చిన ఆరు మాటల్లో రెండు ఎంచుకోవాలి, రెండూ సరైతేనే మార్కు. అందుకని దగ్గరి అర్థం ఉన్న మాటలను జంటలుగా చదవమనండి. 2023 సెప్టెంబర్ నుంచి ఆ పరీక్షను కుదించారు, వ్యాసాలు రెండు కాదు, ఇప్పుడు ఒకటే. పాత పుస్తకాలు కొనిచ్చే ముందు ఆ సంగతి చూసుకోండి.