టెక్ సందేహాలు: జీసీసీయా, క్లాంగా?

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ ల్యాబ్‌లో ఇప్పటికీ టర్బో సి అనే పాత కంపైలరే (సి ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే సాధనం). ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నాను. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్న సీనియర్లలో సి కంపైలర్‌గా ఒకరు జీసీసీ అంటే ఇంకొకరు క్లాంగ్ అంటున్నారు. ఏది వాడాలి సర్?
– ఓ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: జీసీసీతో మొదలుపెట్టండి. ‘బిల్డ్-ఎసెన్షియల్’ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే జీసీసీతోపాటు, కంపైల్ ఆదేశాలను వరసగా నడిపే ‘మేక్’ కూడా వచ్చేస్తుంది. తప్పులు వెతికే డీబగ్గర్ జీడీబీని మాత్రం విడిగా వేసుకోవాలి. మీ ల్యాప్‌టాప్‌కు ఇవేమీ బరువు కావు.

టర్బో సి, జీసీసీ రెండూ 1987లోనే వచ్చాయి. మొదటిది పాత ఆపరేటింగ్ సిస్టం డాస్ దగ్గరే ఆగిపోయింది, రెండోదానికి ఇప్పటికీ ఏటా కొత్త వెర్షన్ వస్తోంది. ల్యాబ్‌లో అలవాటైన ‘కోనియో’ హెడర్ (తెర, కీబోర్డు ఫంక్షన్ల ఫైలు) ఉబుంటులో దొరకదు. పూర్ణాంకాలను దాచే ‘ఇంట్’ పరిమాణం రెండు బైట్లని రికార్డులో రాసి ఉంటారు; ఇక్కడ నాలుగు అని చూపిస్తుంది. పరీక్షలో ఏది రాయాలో మీ లెక్చరర్‌నే అడగండి, ఆ పేచీలోకి నేను రాను!

దోష సందేశాలు అర్థమయ్యేలా చెప్పడంలో క్లాంగ్‌కు మొదటినుంచీ మంచి పేరుంది. జీసీసీ కూడా ఈమధ్య బాగా మెరుగుపడింది. నన్నడిగితే, ఏ కంపైలర్ అన్నదానికన్నా దాన్ని ఏ ఆప్షన్లతో నడుపుతున్నారన్నదే ముఖ్యం. పది గడులున్న అర్రేను నింపే లూప్‌లో ‘తక్కువ’ గుర్తుకు బదులు ‘తక్కువ లేదా సమానం’ పెట్టారనుకోండి. పదకొండో గడిలోకి రాసేసినా ప్రోగ్రాం చాలాసార్లు ఏమీ ఎరగనట్టు నడిచిపోతుంది. అదే ప్రోగ్రాంను ‘-జి’, ‘-ఎఫ్‌శానిటైజ్=అడ్రస్’ అనే ఆప్షన్లు జోడించి కంపైల్ చేసి నడపండి. అక్కడికక్కడే ఆగి, ఏ ఫైల్లో ఏ లైను హద్దు దాటిందో చెబుతుంది. హెచ్చరికలు చూపించే ‘-డబ్ల్యూఆల్’, ‘-డబ్ల్యూఎక్స్‌ట్రా’ కూడా ఎప్పుడూ ఉంచండి. కంపైలర్ సణుగుడు ఇంటర్వ్యూలో చీవాట్లకన్నా నయం కదా. కాస్త చేయి తిరిగాక క్లాంగ్‌తోనూ ఓసారి కంపైల్ చేసి చూడండి. ఒకటి వదిలేసిన తప్పును రెండోది పట్టుకోవచ్చు.

‘మేక్’కు ఆదేశాలు రాసిపెట్టే మేక్‌ఫైల్‌లో ‘మిస్సింగ్ సెపరేటర్’ అని వస్తే కంగారు పడకండి. ఆదేశం ముందు ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేసులు పడి ఉంటాయి. ఎడిటర్ మీ ఇష్టం.

ప్రశ్న: మా మ్యాక్‌లో జీసీసీ అని కొట్టినా వెర్షన్ దగ్గర క్లాంగ్ అనే కనిపిస్తోంది. ఏమైనా లోపమా?
– ఓ ఉద్యోగిని, మాదాపూర్

జవాబు: లోపం కాదు. యాపిల్ ఆ పేరుతో నడిపేది క్లాంగ్‌నే. అసలు జీసీసీ కావాలంటే మ్యాక్‌లో ప్యాకేజీలు వేసుకునే హోమ్‌బ్రూ ద్వారా వేసుకుని, ఆదేశం పేరు చివర వెర్షన్ అంకె చేర్చి కొట్టండి.